మూడు వరసల బటన్ అకార్డియన్: ఏ సంగీతానికి ఏ పెట్టె?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మూడు వరసల బటన్ అకార్డియన్ ఒక్కటే కొనగలరు. టెక్సస్‌లోని తెహానో పాటలు, కొలంబియా వాయెనాతో, స్లొవేనియా పోల్కాలు, స్కాట్లాండ్‌లో రీల్స్ అనే వేగమైన నృత్య బాణీలు, ఫ్రాన్స్ జానపద నృత్యాల బాణీలు అన్నీ మీకు ఇష్టం. హోనర్ పాంథర్, కరోనా, గబ్బనెల్లి, స్టైరిషె, షాండ్ మోరినో, కాస్తాన్యారి అనే కంపెనీల, మోడళ్ల పేర్లు చదివారు. వీటిలో ఏ ఒక్కటి కొంటే ఇవన్నీ పలుకుతాయని అడుగుతున్నారు.

ఏ ఒక్కటీ అన్నిటికీ సరిపోదు. ఈ మాట నిరాశ కలిగిస్తుందని తెలుసు. కానీ ఇప్పుడే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ విషయం తెలియక నేను ఆరు నెలలు పోగొట్టుకున్నాను. మొదట్లో నాకు తెహానో మీదే మోజు. అమ్మిన మనిషి ‘మూడు వరసలుంటే చాలు, అన్నీ ఒకటే’ అంటే నమ్మి, స్కాట్లాండ్ పద్ధతి పెట్టె తెచ్చుకున్నాను. పాట వింటూ వేళ్లు వెతుక్కునేవాణ్ని. జంట స్వరాలు ఎంతకీ కుదిరేవి కావు. నా చేతిలో సంగీతం లేదేమోనని దిగులుపడ్డాను. లోపం చేతిలో లేదు. ఆ వరసల అమరికలో ఆ జంటలు కావలసిన దిశలో దొరకవు.

‘మూడు వరసలు’ అనే మాట ఈ వాద్యం గురించి చాలా తక్కువ చెబుతుంది. తెలుసుకోవలసినవి వేరే మూడు ఉన్నాయి. వరసకూ వరసకూ మధ్య శ్రుతి దూరం ఎంత, ఎడమచేత్తో మోగించే కింది స్వరాలు, అంటే బేస్, ఏ పద్ధతిది, ఒకే స్వరానికి మోగే రీడ్ల (గాలి తగిలి పలికే సన్నని లోహపు నాలుకల) మధ్య ఎంత తేడా పెట్టారు. ఇవి తెలిశాక మోడల్ పేరు చూడాలి. చాలామంది పేరుతో మొదలుపెట్టి ఇక్కడికి చివర్లో వస్తారు.

ముందు వరస అంటే ఏమిటో చూద్దాం. హార్మోనియంలో ఒక మెట్టుకు ఒకే స్వరం. డయాటోనిక్ బటన్ అకార్డియన్‌లో ఒక బటన్‌కు రెండు స్వరాలు. తిత్తిని మూసేటప్పుడు ఒకటి పలుకుతుంది, తెరిచేటప్పుడు ఇంకొకటి. ఒక్కొక్క వరసలో ఒక్కొక్క మేజర్ స్కేల్, అంటే మన సరిగమల లాంటి ఏడు స్వరాల క్రమం, ఉంటుంది. సి వరస మీద స్కేల్ ఎక్కుతుంటే సి మూస్తూ, డి తెరుస్తూ, ఇ మూస్తూ, ఎఫ్ తెరుస్తూ, జి మూస్తూ, ఎ తెరుస్తూ వస్తాయి. ఆ తర్వాతి బి కూడా తెరుస్తూనే వస్తుంది, పై సి మళ్లీ మూస్తూ. నేర్చుకునేవాళ్లు తడబడేది ఆ ఎ, బి దగ్గరే. అప్పటిదాకా ఊయలలా సాగిన చేయి అక్కడ ఒక్క అడుగు ఆగాలి.

ఇలాంటి వరసలు మూడు పక్కపక్కన పెట్టినప్పుడు వాటి మధ్య దూరం ఎంత ఉండాలన్నదే అసలు విషయం. తెహానో, వాయెనాతో పెట్టెల్లో వరసలు జి, సి, ఎఫ్ లాగా ఉంటాయి, అంటే ఒక్కొక్కటీ నాలుగో స్వరం దూరంలో. స్కాట్లాండ్ పెట్టెలో బి, సి, సి షార్ప్ పక్కపక్కనే, అర స్వరం దూరంలో ఉంటాయి. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. వేళ్ల కింద మాత్రం రెండు వేరు లోకాలు.

జి-సి-ఎఫ్ అమరికలో ఒక గొప్ప సుగుణం ఉంది. మూసే దిశలో జి వరస మీద జి, బి, డి వస్తాయి. సి వరస మీద సి, ఇ, జి. ఎఫ్ వరస మీద ఎఫ్, ఎ, సి. ఇవన్నీ కలిపి చూడండి: సి స్కేల్‌లోని ఏడు స్వరాలూ తిత్తిని ఒక్కసారి కూడా తిప్పకుండా మూస్తూనే దొరుకుతాయి. ఇప్పుడు తెరిచే దిశ చూద్దాం. సి వరసలో డి, ఎఫ్, ఎ, బి ఉన్నాయి. జి వరసలో సి, ఇ ఉన్నాయి. ఎఫ్ వరసలో జి ఉంది. మళ్లీ ఏడూ దొరికాయి. అంటే మధ్య వరస శ్రుతిలో ఒక పాటను మొత్తం మూస్తూ వాయించవచ్చు, మొత్తం తెరుస్తూ వాయించవచ్చు, ఎక్కడ ఊపు కావాలో అక్కడ మాత్రమే దిశ మార్చవచ్చు. తెహానో వాద్యకారులు అంత వేగంగా, అంత నున్నగా పరుగు తీయగలగడానికి పునాది ఇదే. ఈ సంగతి నాకు మొదటిసారి తట్టిన రాత్రి కాగితం మీద మూడు వరసలూ గీసుకుని, స్వరాలు ఒక్కొక్కటే చుట్టుకుంటూ కూర్చున్నాను.

జంట స్వరాల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. తెహానో బాణీలో పాట ఒంటిగా నడవదు, దాని మీద మూడో స్వరం తోడుగా నడుస్తుంది. సి వరసలో పక్కపక్క బటన్లు మూస్తూ నొక్కితే సి-ఇ, తెరుస్తూ నొక్కితే డి-ఎఫ్, మళ్లీ మూస్తే ఇ-జి, తెరిస్తే ఎఫ్-ఎ. ఎ దగ్గరికి రాగానే పక్క బటన్ బి, ఆ జంట వినడానికి బాగోదు. అప్పుడు వేళ్లు పక్క వరసకు దూకాలి. జి వరసలో తెరుస్తూ ఎ-సి పక్కపక్కనే ఉన్నాయి, ఎఫ్ వరసలో మూస్తూ కూడా అదే జంట ఉంది. రెంటిలో ఏది తీసుకోవాలన్నది తర్వాత రాబోయే స్వరాన్ని బట్టి ఉంటుంది. ఈ ఒక్క దూకుడు చేతికి వచ్చాక మిగతాదంతా సాధనే.

పన్నెండు స్వరస్థానాల్లో జి, సి, ఎఫ్ స్కేళ్లు మూడూ కలిపితే తొమ్మిదే వస్తాయి. సి షార్ప్, ఇ ఫ్లాట్, జి షార్ప్ మిగిలిపోతాయి. వాటిని సాధారణంగా గడ్డం వైపు ఉన్న మొదటి బటన్లలో ఇరికిస్తారు. అందుకే కొనే ముందు ఆ పై బటన్లు రెండు దిశల్లోనూ ఏ స్వరాలు ఇస్తున్నాయో తప్పకుండా చూడండి. ఇక్కడ తయారీదారులందరిదీ ఒకే పద్ధతి కాదు. మైనర్ పాటలు వాయించాలనుకునేవారికి ఈ మూడు స్వరాలు ఎంత ముఖ్యమో పాట మధ్యలో గాని తెలియదు.

ఇక మోడళ్లు. తెహానోకు, సరిహద్దుకు అవతల ఉత్తర మెక్సికోలో పుట్టిన నోర్తెన్యోకు హోనర్ పాంథర్ మంచి మొదటి మెట్టు. మూడు వరసల్లో 10, 11, 10 చొప్పున 31 బటన్లు, ఎడమ వైపు 12 బేస్ బటన్లు, ప్రతి స్వరానికి రెండు రీడ్లు, గొంతు మార్చే రిజిస్టర్ స్విచ్‌లు లేవు. లెక్క వేయండి: 31 బటన్లు, రెండు దిశలు, రెండేసి రీడ్లు. కుడి వైపే 124 రీడ్లు. తేలికైన పెట్టె కాబట్టి నిలబడి వాయించినా భుజం లాగదు. తిత్తి కొత్తలో బిగుతుగా ఉంటుంది, నెలా రెండు నెలల్లో దారికి వస్తుంది. దీని బలహీనత అంతా రీడ్ల స్పందనలోనే. మెల్లగా గాలి ఇస్తే కింది స్వరాలు ఒక క్షణం ఆలస్యంగా మేలుకుంటాయి. గట్టిగా వాయించే నృత్య సంగీతంలో అది తెలియదు, నెమ్మది పాటలో తెలుస్తుంది. కరోనా టూ క్లాసిక్‌లో కూడా స్వరానికి రెండు రీడ్లే, కానీ పనితనం ఒక మెట్టు పైన. బటన్ అడుగుకు తగిలినప్పటి చప్పుడు తక్కువ, రీడు తొందరగా పలుకుతుంది. పాంథర్ కొత్తది, కరోనా వాడినది ఒకే ధరకు దొరికితే నేను కరోనానే ఎంచుకుంటాను, దాన్ని ఎవరైనా తెలిసినవారు తెరిచి చూసి ఉంటేనే.

గబ్బనెల్లి గురించి అందరూ మొదట దాని మెరుపు చూసి మాట్లాడతారు. రాళ్లు, జెండాలు, పేరు చెక్కిన ముందు జాలీ. ఆ మెరుపు వెనక గట్టి వాద్యం ఉంది. హ్యూస్టన్ నుంచి అమ్మే ఈ పెట్టెలు ఇటలీలోని కాస్తెల్‌ఫిదార్దోలో తయారవుతాయి. ఆ ఊరు అకార్డియన్ తయారీకి పుట్టినిల్లు లాంటిది. స్వరానికి మూడు రీడ్లు, గొంతు మార్చే స్విచ్‌లు ఉన్న మోడళ్లు నోర్తెన్యో బృందాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. నోర్తెన్యో వాద్యకారుడు రమోన్ అయాలా చేతిలో చూసి చాలామంది దీని మీద మనసు పారేసుకున్నారు. నేర్చుకునే దశలో మాత్రం అవసరం లేదు. బరువు పెరుగుతుంది, స్విచ్‌ల వల్ల లోపలి పని పెరుగుతుంది, మరమ్మతు ఖర్చు కూడా పెరుగుతుంది.

తెహానో విషయంలో ఎడమచేతి సంగతి చెప్పి తీరాలి. 1930లలో తెహానో అకార్డియన్ వాద్యకారుడు నార్సిసో మార్తినెజ్ రికార్డింగులు చేస్తున్నప్పుడు, పక్కన సాంతియాగో అల్మెయిదా బాహో సెక్స్‌తో వాయించేవాడు. అది పన్నెండు తీగల గిటార్ జాతి వాద్యం. బేస్, కార్డ్‌లు (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) ఆ వాద్యమే చూసుకోవడంతో మార్తినెజ్ ఎడమచేతిని దాదాపు వదిలేసి కుడిచేతి మీదే దృష్టి పెట్టాడు. ఆ బాణీ అలాగే స్థిరపడింది. తర్వాత ఫ్లాకో హిమెనెజ్ ఈ పెట్టెను ప్రపంచమంతా వినిపించినప్పుడూ కుడిచేతే మాట్లాడింది. బరువు తగ్గడానికి బేస్ రీడ్లు తీసేయించుకునేవారు కూడా ఉన్నారు. కాబట్టి తెహానో ఒక్కటే మీ లక్ష్యమైతే ఎడమ వైపు ఎంత బాగుందన్నది పెద్దగా పట్టించుకోకండి. కానీ అలాంటి పెట్టెను వాడినదిగా కొని వాయెనాతో నేర్చుకోబోతే ఎడమ వైపు నిశ్శబ్దంగా ఉంటుంది. కొనే ముందు పన్నెండూ నొక్కి చూడండి.

ఎందుకంటే వాయెనాతోలో ఎడమచేయి ఊరుకోదు. అకార్డియన్, కాహా అనే చిన్న డోలు, గువచరాకా అనే గీరుడు వాద్యం, ఈ మూడే మూలం. వేరే బేస్ వాద్యం లేని ఆ కూర్పులో అకార్డియన్ బేస్ తాళం వేస్తుంది, బదులిస్తుంది, ఒక్కోసారి పాటనే తీసుకుంటుంది. కొలంబియాలోని వాయెదుపార్‌లో 1968లో మొదలైన వాయెనాతో ఉత్సవంలో పోటీదారులు పాసేయో, సోన్, మెరెంగే, పుయా అనే నాలుగు గతులూ వాయించాలి. మొదటి ఏడు గెలిచినవాడు అలెహో దురాన్. నిదానంగా నడిచే సోన్‌లో బేస్ ఎలా నడుస్తుందో అతని వాయింపులో వినండి. కుడిచేతి వేగం ఎంత ఉన్నా ఎడమచేయి పలకకపోతే అది వాయెనాతో అనిపించుకోదు. యునెస్కో 2015లో దీన్ని తక్షణ పరిరక్షణ అవసరమైన వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఈ సంగీతానికి హోనర్ కరోనా త్రీ దాదాపు ప్రమాణం. ప్రతి స్వరానికి మూడు రీడ్లు, 31 బటన్ల మోడల్ అయితే కుడి వైపు 186 రీడ్లన్నమాట. ఆ మూడో రీడు వల్లే స్వరానికి ఆ కండ వస్తుంది. కొలంబియాలో కొత్త పెట్టెనైనా ఉన్నదున్నట్టుగా వాయించరు. శ్రుతి నిపుణులు విప్పి, రీడ్లు గీసి, తమ చెవికి నచ్చినట్టు సవరిస్తారు. అందుకే ఒకే మోడల్ పేరున్న రెండు పెట్టెలు రెండు గొంతులతో పలుకుతాయి. రికార్డింగులో విన్న నాదం కోసం అదే మోడల్ తెప్పించుకుని, పెట్టె తెరవగానే నిరుత్సాహపడినవారిని చూశాను. వాళ్లు విన్నది మోడల్‌ను కాదు, ఒక నిపుణుడి చేతిని.

శ్రుతి ఎంపిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. జి-సి-ఎఫ్, ఎఫ్-బి ఫ్లాట్-ఇ ఫ్లాట్, ఇ-ఎ-డి, బి ఫ్లాట్-ఇ ఫ్లాట్-ఎ ఫ్లాట్. వీటన్నిటిలో వేళ్ల దారి ఒక్కటే, వినిపించే ఎత్తు మారుతుంది. ఎఫ్-బి ఫ్లాట్-ఇ ఫ్లాట్ పెట్టె జి-సి-ఎఫ్ కంటే ఒక పూర్తి స్వరం కింద ఉంటుంది, ఇ-ఎ-డి ఇంకో అర స్వరం కింద. ఏది కావాలన్నది పాడేవారి గొంతు నిర్ణయిస్తుంది. వృత్తి వాద్యకారులు రెండు మూడు పెట్టెలు వెంట తీసుకెళ్లేది ఇందుకే. మీరు ఒక్కరే రికార్డింగులతో కలిసి వాయిస్తారు కాబట్టి, మీకు బాగా ఇష్టమైన పది పాటలు ఏ శ్రుతిలో ఉన్నాయో ముందు చూసుకోండి. ఎక్కువ పాటలు ఎటుంటే అటు వెళ్లండి. వాయెనాతో వైపు మనసుంటే బి ఫ్లాట్-ఇ ఫ్లాట్-ఎ ఫ్లాట్ తరచుగా ఎదురవుతుంది.

స్లొవేనియా, ఆస్ట్రియా పెట్టెలు వేరే కుటుంబం. ఆస్ట్రియాలో స్టైరిషె హార్మోనికా అంటారు, స్లొవేనియాలో ఫ్రైటోనారిత్సా. వీటిలోనూ వరసల మధ్య దూరం నాలుగో స్వరమే, కాబట్టి జి-సి-ఎఫ్ తెలిసిన చేతికి కుడి వైపు సగం పరిచయమే. తేడాలు మూడున్నాయి. ఒకటి, సాధారణంగా వరసకు ఒక బటన్ రెండు దిశల్లోనూ ఒకే స్వరం ఇస్తుంది. సి వరస తెరిచేటప్పుడు డి, ఎఫ్, ఎ, బి మాత్రమే ఉంటాయని ముందే చూశాం. అక్కడ జి కూడా దొరికితే జి సెవెంత్ కార్డ్ నిండుగా నిలబడుతుంది. ఆ బటన్ చేసే పని అదే. రెండోది, బయటి స్వరాలు చాలావరకు ఉండవు. తెహానోలో గడ్డం వైపు ఇరికించే ఆ మూడు స్వరాల కోసం ఇక్కడ వెతకకండి. ఈ సంగీతం మేజర్‌లో హాయిగా నడుస్తుంది, దానికి అవి కావాలనే ఆలోచనే రాదు. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, హెలికాన్ బేస్. భుజానికి చుట్టుకుని ఊదే హెలికాన్ అనే పెద్ద ఇత్తడి వాద్యం పేరు దీనికి పెట్టారు. బేస్ రీడ్లు పొడవైనవి, బరువైనవి, వాటికి తగ్గ పెద్ద గది ఉంటుంది. మొదటిసారి ఎడమ బటన్ నొక్కినప్పుడు ఆ స్వరం చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. కరోనా మీద ఏ బేస్ నొక్కినా ఈ మోత రాదు.

స్లొవేనియాలో ఈ పెట్టెకు జనంలో అంత ఆదరణ రావడంలో లోయ్‌జె స్లాక్‌ది పెద్ద పాత్ర. ఆయన 1932లో పుట్టి 2011లో మరణించాడు. ఆయన వాయింపు విన్నాక హెలికాన్ బేస్ లేని పోల్కా నాకు ఖాళీగా అనిపించసాగింది. కొనేటప్పుడు గ్రాట్జ్‌లోని స్ట్రాసర్, స్లొవేనియాలోని రుతార్, జుపాన్ వంటి తయారీదారుల పేర్లు మీకు ఎదురవుతాయి. ఇవన్నీ చేత్తో చేసిన చెక్క పనితనం ఉన్న పెట్టెలు, చవకగా రావు. ఆస్ట్రియాలో నాలుగు వరసలవే ఇప్పుడు ఎక్కువగా వాడతారు. మూడు వరసలవి తేలిక, నేర్చుకోవడానికి చాలు. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ పెట్టెకు తెహానో పాటలు నేర్పబోతే బయటి స్వరాలు దొరకవు, ఇక్కడి గంభీరమైన బేస్ అక్కడి బాహో సెక్స్‌తోతో తగవు పడుతుంది.

స్కాట్లాండ్ పెట్టె నా మొదటి పెట్టె కాబట్టి దాని మీద నాకు కొంచెం ప్రేమ ఎక్కువే. బొగ్గుగని కార్మికుడిగా మొదలైన జిమ్మీ షాండ్ (1908–2000) వల్ల బి-సి-సి షార్ప్ పెట్టె అక్కడి నృత్యాలకు గుర్తుగా నిలిచింది. ఆయన కోరినట్టు హోనర్ తయారు చేసిన షాండ్ మోరినో ఇప్పటికీ వెతికి కొంటారు. వరసలు అర స్వరం దూరంలో ఉండటం వల్ల పన్నెండు స్వరస్థానాలూ ఉంటాయి, ఏ శ్రుతిలోనైనా వాయించవచ్చు. ఎడమ వైపు స్ట్రాడెల్లా బేస్, అంటే పియానో అకార్డియన్‌లోని పద్ధతే, ఏ దిశలోనైనా ఒకే కార్డ్ ఇస్తుంది. ఫిడేలు వాద్యకారులు ఏ శ్రుతి అందుకుంటే ఆ శ్రుతిలో కలిసిపోవచ్చు.

కానీ ఇక్కడ దిశల లెక్క వేరు. జి మూస్తేనే వస్తుంది, మరో వరసలో ఎక్కడా లేదు. డి తెరిస్తేనే వస్తుంది. ఎ కూడా తెరిస్తేనే. అంటే జి, డి రెండూ కుడిచేత్తో ఒకేసారి మోగవు. జి కార్డ్ మొత్తం కుడి వైపు ఎప్పటికీ పడదు. డి కార్డ్ మాత్రం డి, ఎఫ్ షార్ప్, ఎ మూడూ తెరిచే దిశలో హాయిగా దొరుకుతుంది. ఎ కార్డ్ కూడా అంతే. నా జంట స్వరాల కష్టానికి అసలు కారణం ఇదే. పాట ఈ దిశల నుంచి తప్పించుకోలేదు కాబట్టి తిత్తి ఊరికే తిరుగుతూ ఉంటుంది. అలా తిరిగినప్పుడల్లా స్వరానికి ఒక చిన్న తాకిడి వస్తుంది. రీల్‌లో కాళ్లను నేల మీదనుంచి లేపేది ఆ తాకిడే. ఒకచోట లోటైనది ఇంకోచోట ప్రాణం. షాండ్ మోరినో బరువైనది, పాతది, బాగున్నవి అరుదు. బరువు మోయగలరా అన్నది మీరు నిజాయితీగా ఆలోచించుకోవాలి.

ఫ్రాన్స్ జానపద నృత్యాల పెట్టె గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీకు ప్రస్తుతం మూడు వరసలది అక్కర లేదు. అక్కడ అసలు పెట్టె రెండు వరసలదే, జి-సి లేదా డి-జి. మూడో వరస మరో మేజర్ స్కేల్ కాదు, లోటు స్వరాలు, వ్యతిరేక దిశలో కావలసిన స్వరాలు దాచుకునే చోటు. దాని అమరికకు హైమ్ అని, కోర్జెరాన్ అని వేర్వేరు పద్ధతులున్నాయి. ఒకదాని మీద నేర్చుకున్న వేళ్లు రెండోదాని మీద దారి తప్పుతాయి. ఇటలీలోని రెకనాతిలో 1914 నుంచి ఉన్న కాస్తాన్యారి వారి పెట్టెలు ఈ రంగంలో చాలామంది కల. వాటి చెక్క నాదం, మెల్లగా గాలి ఇచ్చినా వెంటనే పలికే రీడ్లు నన్నూ కట్టిపడేస్తాయి. కానీ మజుర్కా, బూరె అనే నృత్య బాణీలు నేర్చుకోవడానికి రెండు వరసలు చాలు. మూడో వరస ఎందుకు కావాలో మీ చేతికే తెలిసిన రోజున దాని గురించి ఆలోచించండి.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు. క్రొమాటిక్ బటన్ అకార్డియన్‌లోనూ మూడు వరసలు ఉంటాయి. అందులో ఏ దిశలోనైనా బటన్‌కు ఒకే స్వరం. ముజెత్ అనే ఫ్రెంచ్ నృత్య సంగీతం వాయించేది అలాంటి వాటి మీదే. బొమ్మలో తేడా కనిపించదు. ఒక్క బటన్ నొక్కి తిత్తిని రెండు వైపులా నడిపితే స్వరం మారుతుందో లేదో తెలుస్తుంది. దూరం నుంచి కొంటున్నట్టయితే అమ్మేవారిని ఇది చేసి వినిపించమని అడగండి.

రీడ్ల మధ్య తేడా గురించి ముందే ప్రస్తావించాను. ఒకే స్వరానికి రెండు రీడ్లు మోగుతాయి కదా, వాటిలో ఒకటి సెకనుకు 440 కంపనాలు, రెండోది 442 అయితే సెకనుకు రెండు అలలు వినిపిస్తాయి. 445 అయితే అయిదు అలలు. అలలు తక్కువైతే స్వరం నిటారుగా, పదునుగా ఉంటుంది. ఎక్కువైతే తియ్యగా వణుకుతుంది. స్లొవేనియా పోల్కాకు ఆ వణుకు బాగా కావాలి. వేగంగా నడిచే జంట స్వరాలకు అలలు మరీ ఎక్కువైతే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మసకబారతాయి. కొనేటప్పుడు మధ్య స్థాయిలో ఒక స్వరం నిలిపి అలలు లెక్కపెట్టండి, తర్వాత పైస్థాయిలో, కిందిస్థాయిలో. పైకి వెళ్లేకొద్దీ అలలు కాస్త వేగం పుంజుకోవడం సహజం. పక్కపక్క స్వరాల్లో ఒకటి నిదానంగా, ఒకటి పరుగెత్తుతూ ఉంటే శ్రుతి చెడిందన్నమాట. రీడ్లను గీసి శ్రుతి సరిచేయడం రోజుల తరబడి పట్టే పని, ఆ ఖర్చు పెట్టె ధరలో కలిపి చూసుకోవాలి.

వాడిన పెట్టె అయితే ముందు గాలి పరీక్ష చేయండి. తిత్తి పట్టీలు విప్పి, ఏ బటనూ నొక్కకుండా, ఒక వైపు పట్టుకుని రెండో వైపును కిందికి వేలాడనివ్వండి. తిత్తి నెమ్మదిగా జారాలి. తలుపు తెరిచినట్టు జారిపోతే ఎక్కడో గాలి పోతోంది, మూలల దగ్గరో, బటన్ల కింది మెత్తల దగ్గరో. తర్వాత కుడి వైపు ప్రతి బటన్‌ను రెండు దిశల్లోనూ అతి మెల్లగా పలికించండి. 31 బటన్లకు 62 స్వరాలు, పది నిమిషాల పని. పలికే ముందు చిన్న బుస వినిపిస్తే రీడు మీది తోలు పట్టీ వంకర తిరిగి ఉండవచ్చు. పాత పెట్టెల్లో ఇది మామూలే, కొద్ది మంచుతో మడతపడిన ఆకులా ఉంటుంది ఆ పట్టీ. మార్చడం కష్టం కాదు, కానీ ఎన్ని ఉన్నాయో తెలియాలి. లోపలినుంచి పాచిపట్టిన వాసన వస్తే ఆ పెట్టెను వదిలేయండి. తేమ తగిలిన పెట్టెలో రీడ్లు తుప్పుపడతాయి, మెత్తలు ఉబ్బుతాయి. ఒక్కొక్కటీ బాగుచేస్తూ పోతే అంతు ఉండదు.

మీరు రాసిన క్రమంలో తెహానో, వాయెనాతో ముందున్నాయి. కాబట్టి నా సలహా ఇది. 31 బటన్లది, నాలుగో స్వరం దూరం వరసలది తీసుకోండి. పాటల శ్రుతి చూసుకుని జి-సి-ఎఫ్ లేదా ఎఫ్-బి ఫ్లాట్-ఇ ఫ్లాట్ ఎంచుకోండి. బేస్ పన్నెండూ పలకాలి. చేతికి అందే ధరలో పాంథర్, దానికి మించి పెట్టగలిగితే కరోనా టూ, వాయెనాతోయే ప్రాణమనిపిస్తే కరోనా త్రీ. ఆ పెట్టె మీద స్లొవేనియా పోల్కాలను కుడిచేత్తో బాగానే పలికించవచ్చు, హెలికాన్ మోత ఒక్కటీ రాదు. స్కాట్లాండ్ రీల్స్ డి, ఎ శ్రుతుల్లో జి-సి-ఎఫ్ మీద వాయించబోతే సి షార్ప్, జి షార్ప్ కోసం ప్రతిసారీ గడ్డం దగ్గరికి వెళ్లాలి, చేయి అలిసిపోతుంది. వాటిని ప్రస్తుతానికి వినడానికే ఉంచుకోండి.

పెట్టె చేతికి వచ్చిన రోజు పాటలు మొదలుపెట్టకండి. జి-సి-ఎఫ్ అయితే సి స్కేల్ మొత్తం మూస్తూ ఒకసారి, మొత్తం తెరుస్తూ ఒకసారి వాయించండి. మధ్యలో గాలి అయిపోతే గాలి బటన్ వాడి తిత్తిని సర్దుకోండి, స్వరం మాత్రం దిశ మార్చకుండా వెతకండి. మొదటి రోజు ఏడు స్వరాలకు అరగంట పట్టవచ్చు. ఏ స్వరం ఏ వరసలో దొరికిందో కాగితం మీద రాసుకుని పెట్టె మూత లోపల అతికించండి. మధ్యలో ఏ బటన్ ఆలస్యంగా పలికిందో, ఏది బుస కొట్టిందో దాని వరస, సంఖ్య కూడా అదే కాగితం మీద రాయండి. రెండు వారాల తర్వాత కూడా అవే బటన్లు అలాగే ఉంటే ఆ కాగితం తీసుకుని మరమ్మతు చేసేవారి దగ్గరికి వెళ్లండి, వాళ్లకు సగం పని తగ్గుతుంది.